లాంగ్‌ఫెలో కవి క్రిస్మసు పండుగలు

ఆంగ్ల పద్యములు చదివిన మన విద్యార్థులకు హెన్రీ వాడ్స్‌వర్తు లాంగ్‌ఫెలో పేరు క్రొత్తది కాదు. జీవితమును గూర్చి ఆయన 1838లో వ్రాసిన కీర్తనమును మన పెద్దలలో అనేకులు బాల్యమున కంఠస్థము చేసినవారే. చెట్టు నీడను కొలిమి పెట్టుకొన్న గ్రామపు కమ్మరిని గూర్చిన పద్యమును ఎఱిగినవారు ఇంకను అనేకులు కలరు. ఆ పద్యములను మాత్రమే చదివినవారికి ఈ కవి కష్టమన నేమో యెఱుగని సుఖజీవియనియు, అందుచేతనే ధైర్యవచనములు ఆయన నోట అంత సులభముగ వెలువడెననియు తోచవచ్చును. విమర్శకులలోను కొందఱు అట్లే తలచిరి. ఆయన గడపిన కొన్ని డిసెంబరు మాసముల సంగతి తెలిసినవారు మాత్రము ఆ మాట అనజాలరు.

పండుగ సెలవులకు ఇండ్లకు పోవు మన బాలబాలికలలో ఈ యేడు ఇంట ఒకరి పీట ఖాళీగ చూడబోవువారు కొందఱుందురు. వారిని తలచుకొనియే ఈ చరిత్రను వ్రాయ పూనుకొంటిని.

లాంగ్‌ఫెలో 1807వ సంవత్సరము ఫిబ్రవరి 27వ తేదీన అమెరికా దేశపు ఈశాన్య తీరమందలి పోర్టులండు నగరమున జన్మించెను. తండ్రి న్యాయవాది. ఎనిమిదిమంది సంతానములో ఈయన రెండవవాడు. బోడిన్ కళాశాలలో చదివి 1825లో పట్టభద్రుడై, యూరపు ఖండమున మూడేండ్లు తిరిగి అనేక భాషలు నేర్చి, అదే కళాశాలలో ఆచార్యుడయ్యెను. 1831లో మేరీ పాటర్ అను యువతిని వివాహమాడెను. కొలది కాలమునకు హార్వర్డు విశ్వవిద్యాలయమువారు గొప్ప ఆచార్యపదవి నిచ్చుటకు నిశ్చయింపగా, భాషాజ్ఞానమును ఇంకను వృద్ధిచేసికొనుటకై 1835లో భార్యాసహితుడై మరల ఓడ యెక్కెను.

ఆ ప్రయాణముననే మొదటి దెబ్బ తగిలెను. హాలండు దేశమున మేరీకి గర్భస్రావమై, ఆ జబ్బు ముదిరి, నవంబరు 29వ తేదీన రోటర్డాము పట్టణపు సత్రములో ఆమె కన్నుమూసెను. పరదేశము, పరభాష, బంధువు లెవ్వరును లేరు. భార్య శరీరమును పెట్టెలో భద్రపఱపించి ఓడమీద స్వదేశమునకు పంపి, ఇరువదియెనిమిదేండ్ల ఆ యువకుడు జర్మనీలోని హైడెల్బర్గు నగరమునకు పోయి చలికాలము గడపెను. క్రిస్మసు పండుగను వైభవముగ జరుపుటలో జర్మనులను మించినవారు లేరందురు. ఊరంతయు దీపములతోను పాటలతోను నిండియుండగా, భార్య పోయి నెల దాటని మనుష్యుడు అద్దెగదిలో పుస్తకములు ముందు పెట్టుకొని కూర్చుండెను. అతని ప్రాణమిత్రుడును, సోదరి భర్తయునైన పియర్సు కూడ స్వదేశమున మరణించెనను వార్త ఆ చలికాలముననే అతనికి చేరెను.

చదువు ఆయనకు అప్పుడు పట్టుకొమ్మయ్యెను. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవలెను. ఏలయనగా, మరల ఇరువదియాఱేండ్లకు అంతకంటె ఘోరమైన విపత్తు వచ్చినప్పుడును ఆయన పట్టుకొన్నది ఆ కొమ్మనే.

మఱుసటి యేడు స్విట్జర్లాండులో బోస్టను నగరపు ధనిక వర్తకుడైన నేథన్ ఆపిల్టన్‌గారి కుమార్తె ఫ్యానీతో పరిచయ మయ్యెను. ఈయనకు ఆమెపై ప్రేమ కలిగెను గాని ఆమెకు కలుగలేదు. ఇంతలో ఈయన వ్రాసిన ఒక కథాగ్రంథములో తన పోలికగల స్త్రీ కనబడుటచే ఆమె మఱింత నొచ్చుకొనెను. ఏడు సంవత్సరములు ఎదురు చూచిన పిమ్మట 1843 మేలో ఆమె సమ్మతి తెలుపు జాబు వ్రాసెను. బండి యెక్కి కూర్చుండుటకు ఓపిక చాలక, కేంబ్రిడ్జినుండి బోస్టనులోని ఆమె యింటికి ఆయన నడచియే పోయెనట. జూలై 13వ తేదీన వివాహము జరిగెను. స్వాతంత్ర్య యుద్ధకాలమున జార్జి వాషింగ్టను సేనాపతి విడిసిన పెద్ద ఇంటిని మామగారు వారికి పెండ్లికానుకగ కొనియిచ్చెను.

పదునెనిమిదేండ్లు ఆ యిల్లు సంతోషముతో నిండియుండెను. ఆఱుగురు బిడ్డలు పుట్టిరి. అందులో ఒక పసిపాప 1848లో మరణించెను; తక్కినవారు ఛార్లెసు, ఎర్నెస్టు అను కుమారులును, ఆలిసు, ఈడిత్, ఆనీ అను కుమార్తెలును. కీర్తి తెచ్చిన కావ్యములనేకము ఈ కాలముననే వెలువడెను. ఎవాంజలీను 1847లోను, హయవాతా 1855లోను అచ్చయ్యెను. 1854లో ఆచార్యపదవిని విడిచి కవిత్వమునకే కాలము వినియోగించెను.

ఆ ప్రాంతమున క్రిస్మసు పండుగకు ఒక విచిత్రమైన చరిత్ర కలదు. మసాచుసెట్సు సీమను స్థాపించిన ప్యూరిటను క్రైస్తవులు వేదములో ఆజ్ఞలేని పండుగయని దానిని త్రోసివేసి, 1659లో క్రిస్మసు ఆచరించినవారికి ఐదు షిల్లింగుల జుల్మానా విధించిరి. 1681లో ఆ చట్టము రద్దయినను ఆ ప్రజలకు పండుగపై మక్కువ నెమ్మదిగ కలిగినది. 1856లోగాని అది ఆ రాష్ట్రమున సెలవుదినము కాలేదు. కనుక లాంగ్‌ఫెలోగారి యింట పండుగ వాడుక తాతలనుండి వచ్చినది కాదు. చాలవఱకు తల్లి ఫ్యానీ చేతులమీదుగ పెరిగినది. పిల్లలు చిన్నవారుగ నున్నప్పుడు క్రిస్మసు తాత వ్రాసినట్లు వారికి ఉత్తరములు వ్రాసినది ఆమెయే. ఆ యేడు వారు చేసిన అల్లరియు, మంచిపనులును అందులో పేర్కొనబడుచుండెను. పండుగ చేయు చేయియే పోయినయెడల ఆ పండుగ ఏమగును?

1861 జూలై 9వ తేదీ. ఎండలు మెండుగ నుండెను. ఫ్యానీ గ్రంథాలయపు గదిలో చిన్న కుమార్తెలతో కూర్చుండి, కత్తిరించిన కుంతలములను జ్ఞాపకార్థము కాగితపు పొట్లములలో ఉంచి లక్కముద్ర వేయుచుండెనందురు. లక్క కరగించిన మంటవలననో, నేలబడిన అగ్గిపుల్లవలననో, ఆమె పలుచని వేసవి దుస్తులకు నిప్పంటుకొనెను. ప్రక్కగదిలో కునుకు తీయుచున్న భర్తయొద్దకు ఆమె మండుచునే పరుగెత్తెను. ఆయన లేచి చిన్న తివాచిని ఆమెపై కప్పబోగా అది చాలకపోయెను. అంతట తన చేతులతోను, దేహముతోను ఆమెను పొదివిపట్టి మంటల నార్పెను. వైద్యులు వచ్చి బాధ తెలియకుండ ఈథరు ఇచ్చిరి. మఱునాటి ఉదయము ఆమె ప్రాణములు విడిచెను. జూలై 13వ తేదీన, సరిగా వారి వివాహదినముననే, మౌంట్ ఆబర్న్ సమాధుల తోటలో ఆమెను భూస్థాపన చేసిరి. ముఖమును చేతులును కాలిపోయి మంచముననున్న భర్త ఆ ఊరేగింపునకు లేచిరాలేకపోయెను. ఆ మఱునాడే ఆమె తండ్రి ఆపిల్టన్‌గారును మరణించిరి.

మన పాఠ్యపుస్తకములలో లాంగ్‌ఫెలో చిత్రమును చూచినవారికి ఆయన తెల్లని నిండుగడ్డము గుర్తుండును. ఋషితుల్యముగ నున్నదని మెచ్చుకొందుము. ఆ గడ్డము ఆనాటి కాలినగాయములచే క్షౌరము చేసికొన వీలులేక పెంచినది.

కొన్ని వారములు తన మతి చలించునేమోయని ఆయన భయపడెను. ఒక మిత్రునికి వ్రాసిన జాబులో, పైకి నెమ్మదిగ కనబడుచున్నను లోపల నెత్తురు కారుచునే యున్నదను భావమును తెలిపెను. వేసవి గడచి చలికాలము వచ్చెను. దానితో పండుగయు వచ్చెను. మన దేశమున మరణము సంభవించిన యింట ఆ సంవత్సరము పండుగ చేయకుండుట ఆచారము. గుమ్మమునకు తోరణము లేదు, పిండివంట లేదు. బంధువులే వచ్చి చూచి పోవుదురు. ఆ ఆచారమును మూఢత్వమని కొట్టివేయువారితో నేను ఏకీభవింపను. నవ్వలేనివానిని నవ్వుమని బలవంతము చేయకుండుటయు ఒక దయయే. కాని లాంగ్‌ఫెలో యింట పదునొకండేండ్ల ఆలిసు, ఎనిమిదేండ్ల ఈడిత్, ఆఱేండ్ల ఆనీ తల్లిలేని పిల్లలై యుండిరి. వారికి పండుగ లేకుండ చేయుటకు తండ్రి మనస్సు ఒప్పలేదు. ఆ క్రిస్మసునాడు తన దినచర్య పుస్తకమున, పండుగదినములన్నియు చెప్పనలవికానంత దుఃఖకరములని మాత్రము వ్రాసికొనెను. మఱుసటి యేడు, 1862లో, పిల్లలు వచ్చి శుభాకాంక్షలు చెప్పిరనియు, అట్టి సంతోషము తనకిక లేదనియు వ్రాసికొనెను. పిల్లలకు పండుగ నిచ్చి, తన దుఃఖమును పుస్తకమునకు ఇచ్చెను. నటనయని ఎవరైన అందురేమో. పెద్దలైనవారు దానికి వేఱు పేరు పెట్టుదురు.

ఆ కాలమున దేశమంతయు శోకములోనే యుండెను. 1861 ఏప్రిలులో ఉత్తర దక్షిణ రాష్ట్రముల మధ్య యుద్ధ మారంభమయ్యెను. (ఆ యుద్ధముచే అమెరికా ప్రత్తి ఇంగ్లండునకు రాక నిలిచిపోగా మన దేశపు ప్రత్తికి విపరీతముగ ధర పెరిగిన సంగతిని చరిత్ర విద్యార్థు లెఱుగుదురు.) బానిసత్వమును లాంగ్‌ఫెలో మొదటినుండియు ఖండించినవాడు, 1842లోనే దానిపై పద్యములు ప్రకటించెను, బానిసల విడుదలకై రహస్యముగ ధనమిచ్చుచుండెను. అయినను కుమారుని యుద్ధమునకు పంపుటకు ఆయనకు ఇష్టము లేకపోయెను. పెద్దకుమారుడు ఛార్లెసు, పదునెనిమిదేండ్లవాడు, 1863 మార్చిలో తండ్రి అనుమతిలేకయే ఇల్లు విడిచి వాషింగ్టను చేరి సైన్యములో చేరుటకు సిద్ధపడెను. తండ్రి కోపింపక, తగిన ఉద్యోగ మిప్పింప ప్రయత్నించెను. ఛార్లెసు మసాచుసెట్సు అశ్వదళములో సెకండు లెఫ్టినెంటు అయ్యెను.

కుమారుడు వెళ్లిన ఆ దినములలో తండ్రి యేమి చేసెనో గమనింపుడు. మార్చి 14వ తేదీన ఇటలీ మహాకవి దాంతే రచించిన దివ్యనాటకములోని నరకకాండమును ఆంగ్లములోనికి అనువదింప మొదలుపెట్టెను. దినమునకొక సర్గ చొప్పున ముప్పదినాలుగు దినములు ఎడతెగక వ్రాసి, ఏప్రిలు 16వ తేదీకి ముప్పదినాలుగు సర్గలను ముగించెను. భార్య పోయిన వెనుక సొంత కవిత్వము చెప్పుటకు తరచు మనస్సు ఒప్పకుండెను. ఇతరుని పద్యమునకు మాట వెదకుట మాత్రము చేతనయ్యెను. ఇది చిన్న సంగతి కాదు. దుఃఖించువానికి పెద్ద సంకల్పములు భారముగ నుండును. నేడు ఈ సర్గ, రేపు ఆ సర్గ యను కొలతపని మాత్రము అతనిని సాయంకాలము వఱకు నడిపించును. కూతురు చనిపోయిన తల్లి రోజును ఇంతయని వడ్లు దంచుట నేను చూచితిని.

ఆ వేసవిలో ఛార్లెసు శిబిరజ్వరముతో పడి లేచి, మరల దళమును చేరెను. నవంబరు 27వ తేదీన వర్జీనియాలో న్యూహోపు దేవాలయమునొద్ద జరిగిన పోరులో తుపాకిగుండు అతని యెడమ భుజము వెనుక దూరి, వెన్నెముకను రాచుకొని, కుడి భుజము క్రిందనుండి వెలువడెను. డిసెంబరు 1వ తేదీన తంతివార్త అందెను. తండ్రియు తమ్ముడు ఎర్నెస్టును వెంటనే బయలుదేరి వాషింగ్టను చేరి, గాయపడినవారిని తెచ్చు రైలుకై కనిపెట్టుకొనియుండిరి. 5వ తేదీన ఛార్లెసు వచ్చెను. పక్షవాతము రావచ్చునని ఒక వైద్యుడు చెప్పెను. తరువాత చూచినవారు ప్రాణభయము లేదనియు, మానుటకు ఆఱునెలలైన పట్టుననియు చెప్పిరి. 8వ తేదీన కుమారునితో ఇల్లు చేరిరి. ఇక క్రిస్మసునకు మిగిలినవి పదునేడు దినములు.

ఆ యింటిని ఊహించుకొనుడు. మేడమీద మంచముననున్న కుమారుడు. పండుగకై ఎదురుచూచు ముగ్గురు బాలికలు. ముఖమున మచ్చలు కప్పిన గడ్డముతో తండ్రి. డిసెంబరు 25వ తేదీ ఉదయమున కేంబ్రిడ్జి దేవాలయముల గంటలు మ్రోగెను. ఆ దినముననే క్రిస్మసు గంటలు అను ఏడు చరణముల గీతమును ఆయన రచించెను. మొదట గంటలు శాంతిగీతమును పాడుచున్నట్లు వినబడును. నడుమ దక్షిణదిక్కునుండి ఫిరంగుల మ్రోత లేచి ఆ పాటను ముంచివేయును. కవి తలవంచి లోకమున సమాధానము లేదనుకొనును. తుదకు గంటలు మఱింత గంభీరముగ మ్రోగి దేవుడు మృతుడు కాడని తెలుపును. ఈ గీతము 1865 ఫిబ్రవరిలో బాలుర మాసపత్రికయొకదానిలో అచ్చయ్యెను. పిమ్మట 1872లో కాల్కిన్ అను ఆంగ్ల సంగీతవిద్వాంసుని బాణీతో కూడి దేశదేశముల దేవాలయములలో పాడబడెను. పాడువారు సాధారణముగ ఫిరంగుల చరణములు రెంటిని విడిచివేయుదురు. అది నాకు సరిగా తోచదు. ఆ రెండును తీసివేసినచో కవి ఎందుకు నిరాశపడెనో వినువారికి తెలియదు; పడనివాడు లేచినట్లుండును.

ఇక్కడ ఒక్క మాట చెప్పవలసియున్నది. ఈ కథను క్రిస్మసు కూటములలో చెప్పువారు తఱచు గంటలు మ్రోగగానే కవి దుఃఖము తీరిపోయెననియు, ఆ గీతముతో ఆయనకు సంపూర్ణమైన ఆదరణ కలిగెననియు ముగింతురు. వినుటకు ఇంపుగనే యుండును గాని జరిగినది అట్లు కాదు. ఆ గీతములో భార్య పేరు లేదు, కుమారుని గాయము లేదు; దేశపు యుద్ధమును గూర్చిన నిరీక్షణ మాత్రమే యున్నది. యుద్ధము 1865లో ముగిసెను. ఛార్లెసు కోలుకొని జపానును, మన భారతదేశమును గూడ చూచి వచ్చెను. ఫ్యానీ లేని లోటు మాత్రము అట్లే నిలిచెను. ఈ సంగతిని దాచిపెట్టి చెప్పిన కథ దుఃఖించువారికి మేలుకంటె కీడే చేయును. రెండు పండుగలు గడచినను తమ శోకము తగ్గలేదేమని వారు తమలో తాము సిగ్గుపడుదురు.

ఆయన పని సాగుచునే యుండెను. 1865లో ప్రతి బుధవారము సాయంకాలము లోవెల్, నార్టన్ మొదలగు మిత్రులు ఆయన యింట కూడి, దాంతే అనువాదమును సర్గ వెంబడి సర్గగ చదివి దిద్దసాగిరి. చదువు ముగిసినపిమ్మట భోజనము. ఒంటరివానిని వారమునకొక రాత్రియైన ఒంటరిగ కూర్చుండనీయకుండుటకు మిత్రులకు ఇంతకంటె మర్యాదయైన ఉపాయము దొరకదు. అనువాదము 1867లో మూడు సంపుటములుగ వెలువడెను. దానికి తోడుగ వ్రాసిన ఆఱు చతుర్దశపదులలో మొదటిదానియందు, వీధిలోని కూలివాడొకడు దేవాలయపు గుమ్మమున మూట దించి లోపలికి పోయి ప్రార్థించు చందమున తాను దినదినము ఈ పనిలో ప్రవేశించుచున్నానని భావము. మూట దించుటయే గాని పాఱవేయుట కాదు. బయటికి వచ్చునప్పుడు అది అక్కడనే యుండును.

1868లో కుటుంబముతో యూరపునకు పోగా కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారు గౌరవపట్టమిచ్చి సత్కరించిరి. జూలైలో విండ్సరు కోటలో విక్టోరియా రాణి ఆయనకు దర్శనమిచ్చెను. ఆ రాణియు 1861 డిసెంబరు 14వ తేదీన, క్రిస్మసునకు పదునొకండు దినములు ముందుగ, అదే కోటలో భర్తను కోల్పోయినది. ఒకే యేట జతబాసిన యిద్దఱు ఒక గదిలో నిలిచి మాటలాడిరి. ఆమె 1901లో మరణించువఱకు నల్లని దుస్తులు విడువలేదు. ఈయన పైకి ఏ గుర్తును ధరింపలేదు.

ముసలితనమున పిల్లలే ఆయనకు ముఖ్యస్నేహితులైరి. పద్యములోని కమ్మరి కొలిమిపై నీడనిచ్చిన చెస్టునట్టు చెట్టును బాట వెడల్పు చేయుటకై కొట్టివేసినపిమ్మట, కేంబ్రిడ్జి పిల్లలు చందా వేసికొని ఆ చెట్టు కలపతో ఒక పెద్ద కుర్చీ చేయించి, 1879 ఫిబ్రవరి 27వ తేదీన ఆయన డెబ్బదిరెండవ జన్మదినమునకు కానుక యిచ్చిరి. ఆయన దానిపై పద్యము చెప్పి అచ్చువేయించి, కుర్చీ చూడవచ్చిన ప్రతి పిల్లవానికి ఒక ప్రతి ఇచ్చుచుండెను. పిల్లలెవరు వచ్చినను త్రిప్పి పంపవలదని ఇంటివారికి ఆజ్ఞ. 1882 మార్చి 18వ తేదీన బోస్టనునుండి నలుగురు పాఠశాల బాలురు ముందుగ సెలవు పుచ్చుకొని వచ్చిరి. వారికి ఇల్లంతయు చూపించి, చేవ్రాళ్లు ఇచ్చి పంపెను. ఆనాడే జబ్బుపడి, 24వ తేదీన మరణించెను. ఫ్యానీ సమాధియున్న మౌంట్ ఆబర్న్ తోటలోనే ఆయనను ఉంచిరి. రెండేండ్లకు లండనులోని వెస్ట్‌మినిస్టరు దేవాలయమున కవుల మూలలో ఆయన శిలావిగ్రహమును నిలిపిరి. ఆ గౌరవము పొందిన అమెరికనులలో ఆయనయే మొదటివాడు.

మరణానంతరము ఆయన కాగితముల నడుమ పదునాలుగు పంక్తుల పద్యమొకటి కనబడెను. దానిపై 1879 జూలై నెల తేదీ యుండెను. అనగా పిల్లలు కుర్చీ తెచ్చిన యేడే, ఫ్యానీ పోయిన పదునెనిమిదేండ్లకు. రాత్రివేళ నిద్రపట్టక, గోడమీది ఆమె చిత్తరువును చూచుచు, పశ్చిమ దేశపు పర్వతమొకదాని లోయలో ఎండకు కరగక ఏడాదిపొడవున నిలుచు మంచు సిలువను తలచి వ్రాసిన పద్యమది. ఎవరికిని చూపక దాచియుంచెను. సోదరుడు శామ్యూల్ దానిని 1886లో అచ్చువేయించెను.